ఆవగింజ ఘాటు – పత్తిగింజ చేదు

(ధరణికోటలో మన సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పమంటారు. మేమూ చెప్తూనే ఉన్నాము, మీరూ వింటూనే ఉన్నారు. ఈసారి కార్యదర్శిగారి అనుమతి తీసుకుని గింజను గూర్చి మాట్లాడదలచాము. నవ్వకండి. మన ధరణికోటకు పూర్వం ధాన్యకటకమని పేరు. శాతవాహనుల కాలంలో ధాన్యం పేరు మోసిన ఊరు ఇది. ఈ ఊళ్లో నిలబడి గింజ మాట ఎత్తటం తప్పు కాదు గదా! పైగా ఇది విద్యకు సంబంధించిన మాటే. ఎట్లాగో చివరకు మనవి చేస్తాము.

కొద్ది నెలల క్రితం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి ఒక ప్రశ్న అడిగాడు. ఉర్దూలో అడిగాడు, ఇక్కడ తెలుగులో చెప్తున్నాము. "సార్, మా అమ్మీ పోపులో రాయీ వేస్తే ఘాటు రాదు. అదే రాయీ దంచి ఆవకాయలో కలిపితే ముక్కు అదిరిపోతుంది. గింజ ఒకటే గదా?" రాయీ అంటే ఆవాలు. పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్న ఇది. కాని మంచి ప్రశ్న. ఆ రోజు జవాబు చెప్పలేక, చదివి వచ్చి మర్నాడు చెప్పాము.

ఆవగింజలో రెండు పదార్థాలు వేరువేరు గదుల్లో ఉంటాయి. ఒకదాని పేరు గ్లూకోసినోలేటు. రెండవది మైరోసినేజ్ అనే ఎంజైము. గింజ ముక్క కానంత వరకు ఆ రెండూ ఒకదాని మొగం ఒకటి చూడవు. గింజ నలిగి తడి తగిలిందా, రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేదే ఆ ఘాటు. అరటికాయ కూరకు ఆవ పెట్టినా, ఆవకాయకు పిండి కొట్టినా జరిగేది ఇదే. కాగిన నూనెలో గింజను చిటపటలాడిస్తే మాత్రం ఆ ఎంజైము వేడికి చచ్చిపోతుంది. ఇక కలిపేవాడు లేడు గనుక ఘాటు పుట్టదు. మన ఆడవాళ్లు ఈ సంగతి ఎంజైము పేరు తెలియకుండానే తరతరాలుగా వాడుకుంటున్నారు.

సరే, మొక్కకు ఈ ఘాటు దేనికి? మొక్కకు కాళ్లు లేవు. పురుగు వస్తే పారిపోలేదు, మేక వస్తే తరిమికొట్టలేదు. తన బిడ్డ అయిన గింజను కాపాడుకోవటానికి అల్లాహ్ దానికి ఇచ్చిన ఆయుధం ఈ ఘాటు, ఈ చేదు. పురుగు నమిలిందంటే నోరు కాలుతుంది, వదిలిపెడుతుంది. కాబట్టి గింజలో ఉన్నదంతా మన కోసం పెట్టినది కాదు. కొంత దానికోసం అది పెట్టుకున్నది. తిన్నవారి ఒంటికి పోషణ అందకుండా అడ్డుపడే ఇటువంటి వాటిని శాస్త్రజ్ఞులు పోషక విరోధ పదార్థాలంటారు.

పోపుగింజల మోతాదులో, పచ్చడి మోతాదులో ఆవాల వల్ల భయమేమీ లేదు. చిక్కంతా మోతాదు పెరిగినప్పుడే. ఆవాలు, వాటి దాయాది అయిన రేప్‌సీడు గానుగాడగా మిగిలిన చెక్కను పశువులకు, కోళ్లకు ఎక్కువగా మేపితే, ఆ గ్లూకోసినోలేట్ల నుండి పుట్టే కొన్ని పదార్థాలు థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డుపడతాయి. గ్రంథి వాస్తుంది, ఎదుగుదల తగ్గుతుంది. ఇక నూనెలో ఎరూసిక్ ఆమ్లమని ఒకటి ఉన్నది. దానిని ఎక్కువగా తినిపించిన ఎలుకల గుండె కండరాల్లో కొవ్వు పేరుకున్నట్టు పరీక్షల్లో తేలింది. అందుమీదట కెనడా శాస్త్రజ్ఞులు ఈ రెంటినీ బాగా తగ్గించిన రేప్‌సీడు వంగడాన్ని 1974లో విడుదల చేశారు. ఆ తరహా గింజకే తరువాత కనోలా అని పేరు పెట్టారు. మన దేశంలోనూ ఢిల్లీలోని పూసా సంస్థవారు అదే తరహాలో డబుల్ జీరో ఆవాల వంగడాన్ని తయారు చేశారు.

ఇదంతా పిల్లలకు చెప్పి సంతోషించాము. మాకూ పెద్ద విషయం తెలిసినట్టు అనిపించింది. కాని మన పల్నాటి పొలాల్లో ఆవాలు ఎక్కడున్నాయి? మన పొలంలో ఉన్నది పత్తి. ఆవగింజ సంగతి అంత శ్రద్ధగా చదివిన మేము, మన దొడ్లో ఉన్న పత్తిగింజ సంగతి చదవలేదు. దాని ఫలితం చెప్పటానికే ఇంతసేపు ఉపోద్ఘాతం.

మన పేటలో ఒక సోదరి ఉన్నది. పేరు అక్కరలేదు. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. ఒక్క గేదె. ఆ పాలే ఇంటికి ఆధారం. గేదె ఈనింది, పడ్డదూడ పుట్టింది. ఇంటిల్లిపాదికీ సంతోషం. పడ్డ అంటే మూడు నాలుగేళ్లకు ఇంకొక పాడి గదా! ఆమె లెక్క వేసుకున్నది. దూడ తాగే పాలు మిగిలితే నెలకు పిల్లల ఫీజు పుస్తకాల ఖర్చు వెళ్లిపోతుంది. ఒకనాడు బడి దగ్గర మమ్మల్ని చూచి అడిగింది. "మాస్టర్ సాబ్, దూడకు పాలు తగ్గించి బినోలా ఖలీ పెట్టొచ్చా? తల్లికి పెడితే పాలు బాగా వచ్చినయి." బినోలా ఖలీ అంటే పత్తి చెక్క.

మేమేం చెప్పాము? "పెట్టు ఆపా, బలమైన తిండి, మాంసకృత్తులు బాగా ఉంటాయి" అన్నాము. అది అబద్ధం కాదు. పత్తిగింజలో అయిదో వంతు వరకు మాంసకృత్తులు, దాదాపు అంతే నూనె ఉంటాయి. నూనె తీశాక చెక్కలో మాంసకృత్తుల పాలు ఇంకా పెరుగుతుంది. మేము చెప్పినది సగం నిజం.

నెల నిండిన దూడకు ఆమె చెక్క నానబెట్టి పెట్టటం మొదలుపెట్టింది. అయిదారు వారాలు గడిచాయి. దూడ మేత మీద ఇష్టం తగ్గించింది. తరువాత ఎగరొప్పటం మొదలైంది, పొట్ట దిగబడింది. ఒకనాటి తెల్లవారుజామున చూస్తే కట్టుగొయ్య దగ్గరే పడిపోయి ఉన్నది. పశువుల డాక్టరుగారు వచ్చి చూసి మొదట అడిగిన ప్రశ్న "దీనికేం పెడుతున్నారమ్మా?" అని. ఆమె చెప్పింది. ఆయన తల పట్టుకుని, "పత్తి చెక్క వల్లే అయి ఉంటుందని అనుమానం. చిన్న దూడకు పెట్టకూడదమ్మా. ఎవరు చెప్పారు?" అన్నారు. ఆమె మా పేరు చెప్పలేదు. "ఎవరో చెప్పారు సార్" అన్నది. ఆ మాట మేము పక్కన నిలబడి విన్నాము. అన్నం సయించలేదు ఆ రోజు.

ఆ తరువాత చదివాము. అప్పుడు చదివినది ఇప్పుడు మీకు చెప్తున్నాము.

పత్తిగింజను చీల్చి చూడండి. లోపలి పప్పు మీద నల్లటి చుక్కలు కనబడతాయి. పిల్లలారా, ఇంటికి వెళ్లి తప్పకుండా చూడండి, కాని నోట్లో వేసుకోకండి. ఆ చుక్కలు గ్రంథులు. వాటిలో గాసిపాల్ అనే పసుపుపచ్చని పదార్థం ఉంటుంది. 1899లో మార్క్‌లెవ్‌స్కీ అనే పోలెండు శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. పత్తిమొక్క శాస్త్రీయ నామం గాసిపియం, దాని నుండే ఆ పేరు వచ్చింది. ఆవగింజకు ఘాటు ఎట్లాగో పత్తికి గాసిపాల్ అట్లాగు. అది పురుగు మీద మొక్క ఎత్తిన కత్తి.

మరి పెద్ద గేదె తింటే ఏమీ కాదేం? ఇదే అసలు కిటుకు. గేదెకు, ఆవుకు, మేకకు, గొర్రెకు మొదటి పొట్ట ఉన్నది చూచారా, నెమరువేసే జంతువుల పెద్ద పొట్ట. అది ఒక పెద్ద గాబు వంటిది. కోటానుకోట్ల సూక్ష్మజీవులు అందులో పని చేస్తుంటాయి. అక్కడ గాసిపాల్ మాంసకృత్తులకు అతుక్కుపోయి, చాలా భాగం రక్తంలోకి వెళ్లకుండానే బయటకు పోతుంది. కాని పుట్టిన దూడకు ఆ పొట్ట ఇంకా పనిలోకి రాదు. అది పాలు తాగే జీవి. ఆ వయస్సులో దూడ పొట్ట మన పొట్ట వంటిదే. తల్లికి అరిగే విషం బిడ్డకు గుండెను పట్టుకుంటుంది. గుండె బలహీనమై రొమ్ములో, పొట్టలో నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు. ఆపా దూడలో మేము చూచినవి అవే గుర్తులు.

ఇంకొక మాట. నానబెట్టితే విషం పోతుందని చాలామంది నమ్మకం. మేమూ నమ్మాము. గాసిపాల్ నీళ్లలో కరిగేది కాదు, నానబెట్టినంత మాత్రాన పోదు. వేడి తగిలితే మాత్రం కొంత మాంసకృత్తులకు అతుక్కుని దాని కోరలు ఊడతాయి. అందుకే ఉడకబెట్టిన గింజ పచ్చిగింజ కంటే నయం. చెక్కలో మిగిలే గాసిపాల్ కూడా నూనె తీసిన పద్ధతిని బట్టి, తగిలిన వేడిని బట్టి మారుతుంది. బస్తా చూచి ఎంత ఉన్నదో మనం చెప్పలేము. కాబట్టి జాగ్రత్త ఒక్కటే దారి.

కోళ్ల సంగతి. ఇక్కడ కోళ్లు పెంచే అమ్మలు చాలామంది ఉన్నారు. కోడికి నెమరువేసే పొట్ట లేదు. పత్తి చెక్క ఎక్కువైతే ఎదుగుదల తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి. నిలవ ఉంచిన గుడ్డు పగలగొడితే పచ్చసొన ఆకుపచ్చ మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. గాసిపాల్ సొనలోని ఇనుముతో కలియటమే కారణం. పత్తిగింజ నూనెలో ఉండే మరొక రకం ఆమ్లాల వల్ల తెల్లసొన గులాబి రంగుకు తిరుగుతుంది. గుడ్డుకు దిష్టి తగిలిందని దిగదుడిచి పారేసేకంటే కోడికి ఏం వేశామో గుర్తు చేసుకోవటం మేలు. ఇనుముతో కలిసే ఈ గుణాన్నే ఆసరాగా తీసుకుని దాణా తయారుచేసే వాళ్లు అన్నభేది కలుపుతారు. అన్నభేది ఇనుప లవణం, గాసిపాల్‌ను పట్టి ఉంచుతుంది. కాని కొలత తెలియకుండా ఇంటి దగ్గర మనం కలపరాదు.

ఇక మనుష్యుల సంగతి. శుద్ధి చేసిన పత్తిగింజల నూనెకు భయపడవద్దు. కాస్టిక్ సోడాతో శుద్ధి చేసినప్పుడు గాసిపాల్ పోతుంది. శుద్ధి చేయని ముడినూనె, ఎర్రటి ముదురురంగు నూనె, చవకగా వచ్చిందని వంటకు వాడరాదు. 1950 ప్రాంతాలలో చైనాలో కొన్ని పల్లెలవారు ముడి పత్తినూనెతో వంట చేసుకుని తిన్నారు. ఆ ఇళ్లలో పిల్లలు పుట్టటం ఆగిపోయింది. ఎందుకని వెదికితే గాసిపాల్ మగవారి సంతాన శక్తిని దెబ్బ తీస్తున్నదని తేలింది. తరువాత 1970లలో దానినే కుటుంబ నియంత్రణ మందుగా 8,000 మందికి పైగా మగవారిపై ప్రయత్నించి చూచారు. కొందరిలో రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి మందు మానినా సంతాన శక్తి తిరిగి రాలేదు. ఆ ప్రయత్నం విరమించుకున్నారు. పోతుగొర్రెలను, ఆబోతులను సంతతి కోసం పెంచేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

"అంత చేదైతే ఆ గాసిపాల్ లేని పత్తినే పుట్టించరాదా?" అని మీరు అడుగుతారు. పుట్టించారు. 1950లలో అమెరికాలో గ్రంథులు లేని పత్తిని తయారు చేశారు. గింజలో చేదు లేదు, ఆకులో చేదు లేదు. ఏమైంది? పురుగులు పండుగ చేసుకున్నాయి. అంతవరకు పత్తి జోలికి రాని పురుగులు కూడా వచ్చి పడ్డాయి. మందు కొట్టీ కొట్టీ చేయి కాల్చుకోవటం ఏమిటో మన గుంటూరు, పల్నాడు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1980లలో తెల్లదోమ చేసిన నాశనం చూచిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. చేదు తీసేసిన రైతు కాపలా తీసేసినట్టే అయింది. ఆ వంగడం నిలవలేదు.

తరువాత మన దేశం నుండి వెళ్లి అమెరికాలో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న కీర్తి రాథోర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన బృందం ఒక ఉపాయం కనుగొన్నారు. మొక్క ఒంటినిండా గాసిపాల్‌ను ఉంచి గింజలో మాత్రం తయారు కాకుండా చేశారు. 2006లో ఆ ఫలితం ప్రకటించారు. గింజలో గాసిపాల్ 97 శాతం వరకు తగ్గింది, ఆకులో కత్తి కత్తిగానే ఉన్నది. 2018లో అమెరికా వ్యవసాయ శాఖ దాని సాగుకు, 2019లో అక్కడి ఆహార ఔషధ సంస్థ తిండికి వాడటానికి అంగీకరించాయి. ఆ దేశంలో తినే పత్తిగింజ పదార్థాలలో పది లక్షల భాగాలకు 450 భాగాలకు మించి గాసిపాల్ ఉండరాదని హద్దు. కాని మన దొడ్లోకి వచ్చే బస్తాలో ఉన్నది మామూలు పత్తి చెక్కే. బి.టి. పత్తి 2002లో వచ్చింది గదా అని కొందరనుకుంటారు. బి.టి. అంటే కాయతొలుచు పురుగును ఎదుర్కొనే పత్తి, గాసిపాల్ తీసేసిన పత్తి కాదు.

కాబట్టి తల్లులారా, సోదరులారా, చేయవలసినది కష్టమైనది కాదు. నాలుగు నెలలు నిండని దూడకు, మేకపిల్లకు, గొర్రెపిల్లకు పత్తిగింజ గాని, పత్తి చెక్క గాని ముట్టించవద్దు. బక్రీదుకు త్వరగా కండ పట్టాలని చిన్న పిల్లలకు పెట్టవద్దు. పెద్ద గేదెకు కూడా ఒక్క పత్తి చెక్కే దాణాగా వేయకండి. తవుడు, వేరుశనగ చెక్క, ఉలవలు కలిపి, పత్తి చెక్కను దాణాలో మూడోవంతు మించనివ్వకండి. కోళ్లకు వేయకండి. బూజు పట్టిన చెక్క ఏ పశువుకూ పనికిరాదు. అది వేరే విషం, బూజు నుండి పుట్టే అఫ్లాటాక్సిన్. అది పాలలోకి కూడా దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. అనుమానం వస్తే పశువుల ఆసుపత్రికి పోండి. మనకు గుంటూరు పక్కన లాంలో 1922 నుండి వ్యవసాయ పరిశోధనా క్షేత్రం ఉన్నది. అంత దగ్గర పెట్టుకుని అడగకపోవటం మన తప్పే.

సంఘం పెద్దలకు ఒక మనవి. మన సంఘం తరఫున పాడి గేదెకు గాని, మేకలకు గాని ఖర్జె హసనా ఇచ్చేటట్లయితే, డబ్బుతో పాటు ఈ నాలుగు మాటలు ఉర్దూలోనూ తెలుగులోనూ అచ్చు వేసిన ఒక కాగితం కూడా చేతిలో పెట్టండి. చదవలేని వారికి మా పిల్లలు చదివి వినిపిస్తారు, ఆ పూచీ మాది.

మొదట్లో ఇది విద్యను గూర్చిన మాటేనన్నాము. చదువు లేని మనిషి అయితే ఆపాను "డాక్టరును అడుగమ్మా" అని పంపించేవాడు. మేము చదువుకున్నవాళ్లం గనుక, మాంసకృత్తులు అనే ఒక మాట తెలుసు గనుక, జవాబు చెప్పేశాము. తెలియనితనం కంటే సగం తెలివి ఎక్కువ నష్టం చేసింది. ఖుర్‌ఆన్ షరీఫ్‌లో అంబియా సూరాలోనూ, లుఖ్మాన్ సూరాలోనూ లెక్క చెప్పవలసిన రోజును గూర్చి ఆవగింజ ప్రస్తావన ఉన్నది. ఆవగింజంత చిన్నదైనా తూకానికి వస్తుంది. మేము ఆ రోజు చెప్పిన మాట పరిమాణం కూడా ఆవగింజంతే. ఒక ఇంటి రాబోయే పాడి పోయింది.

తరువాత ఆపా ఇంటికి వెళ్లి, "ఆ చెప్పినది మేమే, తప్పు మాది, దూడ వెల మేమిచ్చుకుంటాము" అన్నాము. ఆమె డబ్బు తీసుకోలేదు. "మా అబ్బాయికి లెక్కలు సరిగ్గా చెప్పండి మాస్టర్ సాబ్, చాలు" అన్నది. చెప్తున్నాము.

ఆమె గేదె ఈ ఏడు మళ్లీ ఈనింది. మళ్లీ పడ్డే. ఇప్పుడు పాలు పితికేటప్పుడు ఒక చన్ను దూడకు వదిలేస్తున్నది. పూటకు అరలీటరు తగ్గింది. అడిగితే, "అది దాని వాటా" అన్నది. పూర్వం మన పెద్దలు చేసినదీ అదే. చెక్క బస్తా తల్లి గాటి దగ్గరే ఉన్నది, దూడకు అందనంత ఎత్తులో.